చదువని నిబంధన

నిన్న తెల్లవారినది మొదలు రాత్రి పరుండువరకు మీరు ఎన్ని మారులు మాట ఇచ్చితిరని ఎవరైన అడిగినయెడల మనలో అనేకులము తడుముకొందుము. పాలవానికి రేపు బాకీ తీర్చెదమని ఒక మాట, పిల్లవానికి పుస్తకము కొనిపెట్టెదమని ఒక మాట. అంతకు మించి జ్ఞాపకమునకు రాదు. మేమును అట్లే తలంచితిమి. అయితే ఒక శనివారమున కాగితమొకటి దగ్గర ఉంచుకొని, మాట ఇచ్చినప్పుడెల్ల దానిమీద ఒక గీత గీచితిమి. రాత్రి లెక్కించగా తొమ్మిది గీతలు కనబడినవి. వాటిలో రెండు మనుష్యులకు ఇచ్చిన మాటలు. తక్కిన యేడును యంత్రములకు ఇచ్చినవి. ఆ యేడింటిలో ఒక్కదానినైనను మేము చదివియుండలేదు.

తెల్లవారగానే ముంజేతి గడియారము క్రొత్త సాఫ్ట్‌వేరు వచ్చినదనియు, దాని షరతులకు సమ్మతింపవలెననియు అడిగినది. సమ్మతించితిమి. వంటయింటి దీపమును ఫోనునుండి వెలిగించి ఆర్పుటకు ఒక క్రొత్త బల్బు కొనియుంటిమి. దాని యాప్ మేము ఉండు చోటు తెలిసికొనవలెనన్నది. దీపము వెలుగుటకు మా చోటుతో పనియేమి అని అడుగక సరే అంటిమి. టీవీ తన నియమములు మార్చుకొంటినని పొడవైన పత్రము చూపినది. అడుగున నున్న బటను నొక్కితిమి. సాయంకాలము రైలు స్టేషనులో బంధువులకొరకు కనిపెట్టుచు, ఉచిత వైఫై నిమిత్తము ఒక చిన్న గడిలో టిక్కు పెట్టితిమి. ఈ విధముగా ఏడు గీతలు నిండినవి.

ఈ మాటలు వ్రాయుచున్న మేము యంత్రములను ద్వేషించువారము కాము. బడిలో పాఠములు చెప్పి విశ్రాంతి పుచ్చుకొన్నవారమైనను, క్రొత్త ఫోను వచ్చినదన్న దాని పెట్టె విప్పువరకు మాకు నిద్ర పట్టదు. మా బల్లసొరుగునిండ పాత చార్జర్లు, తీగలు, మెమరీ కార్డులు గలవు. ఇంటివారు పారవేయుమన్నను మాకు మనసొప్పదు. 2002 ప్రాంతమున మా వీధిలో నలుగురైదుగురి యిండ్లకు కంప్యూటర్లు వచ్చినప్పుడు విండోస్ ఎక్స్‌పీ వేయుటకు మమ్మునే పిలిచెడివారు. ఆ పని ఆరంభమున నీలపు తెరమీద ఇంగ్లీషులో ఒప్పందపత్రము కనబడెడిది. సమ్మతమైనయెడల ఎఫ్8 మీట నొక్కవలెను, కానియెడల ఎస్కేప్ మీట నొక్కవలెను. మేము ఎన్నడును ఎస్కేప్ నొక్కి యెరుగము. ఇంటివారు కాఫీ కలిపి తెచ్చులోపలనే ఎఫ్8 నొక్కి ముందుకు సాగెడివారము. ఆ కంప్యూటరు వారిది. ఆ సమ్మతియు వారిదే. నొక్కిన వ్రేలు మాత్రము మాది. ఇందులో ఆలోచింపవలసిన సంగతి ఒకటి యున్నదని ఆ దినములలో మాకు తోచలేదు.

ఫోనును తెలుగులో పెట్టుకొన్నవారు ఒకటి గమనించియుందురు. ఇంగ్లీషువారు 'టర్మ్స్ అండ్ కండిషన్స్' అనుదానిని తెలుగు తెరమీద 'నిబంధనలు మరియు షరతులు' అని వ్రాయుచున్నారు. నిబంధన అను మాట ఈ పత్రిక చదువువారికి క్రొత్తది కాదు. మనము చేతపట్టుకొను గ్రంథము పాత నిబంధన, క్రొత్త నిబంధన అని రెండు భాగములుగా నున్నది. పెండ్లినాడు వధూవరులు చేసికొనుదానిని నిబంధన అనుచున్నాము. ఆ మాట పలుకునప్పుడు మన కంఠము కొంచెము తగ్గును. అదే మాట ఫోను తెరమీద చిన్న అక్షరములలో కనబడినప్పుడు మాత్రము దానిని బొటనవ్రేలితో పైకి త్రోసివేసి అడుగున నున్న బటనును వెదకుచున్నాము. ఆ తెలుగు వ్రాసినవారు మనలను తలంచుకొని ఆ మాట పెట్టియుండరు. అయినను ఆ మాట మనలను ఒక ప్రశ్న అడుగుచున్నది. చదువని నిబంధనకు సమ్మతించుచున్నానని చెప్పుట అబద్ధమగునా, కాదా?

ఈ అలవాటు మన ఒక్కరిది కాదని మొదట ఒప్పుకొనవలెను. 2005లో అమెరికాలోని పీసీ పిట్‌స్టాప్ అను సాఫ్ట్‌వేరు సంస్థ తన ఒప్పందపత్రము నడుమ ఒక వాక్యము చేర్చినది. ఫలాని చిరునామాకు వ్రాసినవారికి బహుమానము ఇయ్యబడునని దాని భావము. నాలుగు నెలలు గడచినవి. మూడువేలకు పైగా ప్రజలు ఆ పత్రమునకు సమ్మతము తెలిపి సాఫ్ట్‌వేరును దింపుకొన్న తరువాత ఒక్క మనుష్యుడు వ్రాసెను. ఆయనకు వేయి డాలర్లు ముట్టినవి. ధనము ఇచ్చెదము రండని వ్రాసినను చదువని మనము, ధనము తీసికొందుమని వ్రాసినయెడల చదువుదుమా?

2017లో ఇంగ్లండులోని మాంచెస్టరు నగరపు వైఫై సంస్థయొకటి ఇంకను విచిత్రమైన పని చేసినది. ఉచిత వైఫై వాడుకొనువారు వేయి గంటలు సమాజసేవ చేయవలెననియు, ఆ సేవలో మరుగుదొడ్లు కడుగుట, మురుగుకాలువలు బాగుచేయుట చేరియుండుననియు తన షరతులలో వ్రాసినది. రెండు వారములలో 22,000 మందికి పైగా సమ్మతించిరి. ఈ షరతు ఏమిటని అడిగినవాడు ఒక్కడు. ప్రజలు ఎంత చూడకుండ సమ్మతించుచున్నారో చూపుటకే అట్లు వ్రాసితిమని ఆ సంస్థ తరువాత తెలిపినది. ఎవరిచేతను మరుగుదొడ్లు కడిగింపలేదు. అయినను ఆ 22,000 మందియు మాట ఇచ్చినవారే.

చదువనివారిని నిందించుట సులభము. అయితే చదువుట సాధ్యమా? అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఇద్దరు పరిశోధకురాండ్రు 2008లో ఈ లెక్క కట్టిరి. ఇంటర్నెట్టు వాడు ఒక సామాన్య అమెరికా పౌరుడు తాను చూచు ప్రతి స్థలముయొక్క గోప్యతా పత్రమును ఏడాదికి ఒక్కసారి పూర్తిగా చదువదలచినయెడల అందుకు ఏడాదికి సుమారు 244 గంటలు పట్టునని తేల్చిరి. అనగా దినమునకు 40 నిమిషములు. అది ఫోనులో ఇన్ని యాప్‌లు చేరక మునుపు కట్టిన లెక్క. ఉద్యోగము చేసికొని, పిల్లలకు చదువు చెప్పి, ముసలివారికి మందు పోయు మనుష్యుడు ప్రతి దినము 40 నిమిషములు న్యాయవాదుల ఇంగ్లీషు చదువునా? చదివినను గ్రహించునా?

కాబట్టి కొందరు ఇట్లు వాదింతురు. "చదువుట అసాధ్యమైనప్పుడు సమ్మతము అనుట ఒక వాడుక మాత్రమే. ఉత్తరము చివర 'మీ విధేయుడు' అని వ్రాసినవాడు నిజముగా విధేయుడా? అది అబద్ధమని ఎవరైన అందురా? అడుగువానికి మనము చదువలేదని తెలియును. వానికి తెలియునని మనకు తెలియును. ఇక మోసపోయినవాడు ఎవడు?" ఈ వాదము చాల యేండ్లు మాదే. ఇందులో నిజము లేకపోలేదు.

పైగా అడుగువాని దోషమును మరువరాదు. 2013లో అమెరికా ప్రభుత్వపు వర్తక సంఘము ఒక టార్చిదీపపు యాప్‌ను తయారుచేసినవారిమీద చర్య తీసికొన్నది. ఆ యాప్ ఫోనులోని దీపమును వెలిగించుటతో ఊరకుండక, ఆ ఫోను ఎక్కడ నున్నదో ప్రకటనల సంస్థలకు పంపుచుండినది. అంతే కాదు. ఒప్పుకొందురా లేదా అని మనుష్యుని అడుగుచు తెరమీద బటను చూపుచున్న సమయముననే, అతని వ్రేలు కదలకమునుపే, సమాచారము పోవుచుండినదని ఆ సంఘము ఆరోపించెను. జవాబు వినకుండ ప్రశ్న అడుగుటను ఏమనవలెను?

మన దేశపు చట్టమును అడిగినను కొంత ఊరట దొరకును. 1872 నాటి ఒప్పందముల చట్టము పదుమూడవ సెక్షనులో సమ్మతి యనగా నేమో చెప్పినది. ఇరుపక్షములవారును ఒకే సంగతిని ఒకే భావముతో ఒప్పుకొన్నప్పుడే అది సమ్మతి. ఈ కొలబద్దతో కొలిచినయెడల మా ఏడు గీతలలో ఎన్ని నిలుచును? ఇట్లు ఆలోచించి, తప్పు ఎక్కువగా అడుగువానిది, కొంచెము మాది, నష్టము కలిగినను మాకే కదా యని సమాధానము చెప్పుకొంటిమి. మా ఫోను, మా చోటు, మా ఇష్టము అని మేము అనుకొనెడివారము.

2020వ సంవత్సరమున ఆ సమాధానము కూలిపోయినది. అది ఎట్లు జరిగెనో చెప్పవలెను.

మా వీధి మొదట ఒక దర్జీ యున్నాడు. మాకంటె నాలుగైదేండ్లు పెద్దవాడు గనుక ఆయనను అన్నా అని పిలుతుము. ఏటేటా జూను మాసమున బడిపిల్లల యూనిఫారములు కుట్టి ఆ సొమ్ముతో సగము సంవత్సరము గడుపుకొనువాడు. ఆ యేడు కరోనా వలన బడులు తెరువబడలేదు. అంగడి అద్దె నాలుగు నెలలది నిలిచినది. ఒక సాయంకాలము ఆయన ఫోను పట్టుకొని మా అరుగుమీదికి వచ్చెను.

"మాస్టారూ, ఇందులో అయిదు నిమిషాల్లో అప్పు ఇస్తారంట. కాగితాలేమీ అక్కర్లేదంట. కాస్త పెట్టిపెడతారా?"

పెట్టితిమి. యాప్ దింపితిమి. ఫోనులోని పేర్లు, నెంబర్లు చూచుటకు అనుమతి అడిగినది, నొక్కితిమి. ఫొటోలు చూచుటకు అడిగినది, నొక్కితిమి. చోటు తెలిసికొనుటకు అడిగినది; నొక్కితిమి. తుదకు పొడవైన నిబంధనల పత్రము వచ్చినది; దాని అడుగున నున్న బటనును నొక్కితిమి. ఇదంతయు ఒక్క నిమిషములో ముగిసెను. ఆయన మా భుజము ప్రక్కన నిలువబడి, పని తెలిసినవాని చేతివేగమును చూచి సంతోషించెను. మేమును ఆ సంతోషమును చూచి కొంచెము ఉబ్బితిమని ఒప్పుకొనవలెను.

అడిగినది 5,000 రూపాయలు. ఏవో రుసుములు తగ్గించుకొని చేతికి వచ్చినది 3,200. తీర్చవలసినది ఏడు దినములలో 5,000. ఎనిమిదవ దినమున ఫోనులు మొదలైనవి. పదవ దినమున మా ఫోనుకు ఒక సందేశము వచ్చినది. దానిలో ఆ దర్జీ ఫొటో యున్నది. ఆ ఫొటో క్రింద దొంగ అని వ్రాసియున్నది. ఇతడు మీ స్నేహితుడు గనుక ఈ అప్పు మీరే తీర్పింపుడని యున్నది. అదే సందేశము ఆయన ఫోనులోని 160 మందికిని పోయినది. గుడ్డలు కుట్టించుకొనువారికి పోయినది. గుడ్డ అమ్ము సేటుకు పోయినది. పెద్దకుమార్తెను ఇచ్చిన వియ్యాలవారికి పోయినది.

ఇట్టిది ఆయన ఒక్కనికే జరుగలేదని తరువాత తెలిసినది. ఆ సంవత్సరము డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు ఇట్టి అప్పుల యాప్‌లమీద కేసులు పెట్టి పలువురిని అరెస్టు చేసిరి. అవమానము భరింపలేక ప్రాణములు తీసికొన్నవారును ఉండిరి. దేవుని దయవలన మా వీధిలో అంత జరుగలేదు. మేము చేబదులు ఇచ్చి ఆ అప్పు తీర్పించితిమి. అయినను అంగడికి వచ్చువారిలో కొందరు రెండు మూడు నెలలు రాలేదు. వియ్యాలవారు ఆ సంవత్సరము పండుగకు పిల్లను పంపలేదు.

మేము క్షమాపణ అడుగుటకు వెళ్లినప్పుడు ఆయన మమ్మును నిందింపలేదు.

"మీరు నొక్కారు కదా మాస్టారూ. చూడకుండా నొక్కరులే అనుకున్నాను" అని మాత్రము అనెను.

ఆ మాటకు మావద్ద జవాబు లేకపోయెను. ఆయన చదువలేదు, మేము చదివియుందుమని నమ్మెను. మేమును చదువలేదు, ఎవరో చదివియుందురులే అని నమ్మితిమి. ఆ 'ఎవరో' యను మనుష్యుడు ఎక్కడను లేడు.

కొంతసేపటికి ఆయన తన బల్లమీద నున్న పాత పుస్తకమును చేతిలోనికి తీసికొనెను. అది కొలతల పుస్తకము. వీధిలోని ఆడవారి, మగవారి, పిల్లల కొలతలన్నియు అందులో వ్రాసియున్నవి.

"ముప్పయ్యేళ్లుగా ఈ పుస్తకం నా దగ్గరుంది. ఒకరి కొలతలు ఇంకొకరికి చెప్పి ఎరగను. మొగుడొచ్చి అడిగినా, ఆవిడ్నే పంపించు బాబూ అంటాను. ఫోనులో ఉన్న నెంబర్లు కూడా ఇలాంటివేనని నాకెవరూ చెప్పలేదండీ."

ప్రియ చదువరులారా, మేము ఏండ్ల తరబడి చదివిన పత్రికలు, చూచిన యంత్రములు మాకు బోధింపని సంగతిని ఆ దర్జీ ఒక్క మాటలో చెప్పెను. ఫోనులోని నెంబర్లు మనవి కావు. అవి ఇతరులు మనయొద్ద నమ్మి ఉంచినవి. మన ఫోనులో నున్న స్నేహితుని నెంబరు, ఆసుపత్రినుండి బంధువు పంపిన కాగితపు ఫొటో, తన బాధను చెప్పుకొని ఒక తల్లి వ్రాసిన సందేశము, ఇవన్నియు మనకు అప్పగింపబడినవే. యాప్ అడిగినప్పుడు మనము సరే అనుచున్నది మన ఒక్కరి తరపున కాదు. అక్కడ లేనివారి తరపున, అడుగబడనివారి తరపున సరే అనుచున్నాము.

కాబట్టి మొదట అడిగిన ప్రశ్నకు మాకు తోచిన జవాబు ఇది. చదువని సమ్మతి అబద్ధమా కాదా యని మనవరకే విచారించుకొన్నంత కాలము అది చిన్న ప్రశ్నగా కనబడును; 'మీ విధేయుడు' అను వాడుక దానికి జవాబుగా సరిపోవును. అయితే ఆ సమ్మతి పొరుగువాని వస్తువును చేతులు మార్చునప్పుడు అది వాడుక కాదు. అది అప్పగింత విషయములో నమ్మకద్రోహము. మోసగాడు ఆవలివాడైనను, తలుపు తీసినవారము మనము.

లేఖనములు ఎరిగినవారికి ఇచ్చట గిబియోనువారి కథ జ్ఞాపకమునకు రాకపోదు. ప్రక్క ఊరివారే దూరదేశమునుండి వచ్చినట్లు వేషము వేసికొని, పాత చెప్పులును, ఎండిన రొట్టెయు చూపి యెహోషువతో నిబంధన చేసికొనిరి. మోసము చేసినవారు వారే, సందేహము లేదు. అయినను ఆ కథ చెప్పినవాడు ఇశ్రాయేలు పెద్దలను విడిచిపెట్టలేదు. వారు రొట్టెను రుచి చూచిరి గాని, అడుగవలసినవానిని అడుగలేదని వారి తొందరపాటును కూడ వ్రాసిపెట్టెను. మూడు దినములలో నిజము తెలిసినది. అప్పటికి మాట ఇచ్చివేసియుండిరి. మోసపోయితిమి గనుక మాట లేదని వారు అనలేదు. తరువాతి తరములవారును ఆ మాట బరువును మోయవలసివచ్చెను. మోసగాని దోషమును, తొందరపడినవాని దోషమును ఒకే కథలో ప్రక్కప్రక్కన నిలుపవచ్చునని అందువలన నేర్చుకొనుచున్నాము.

దానికి ఎదురుగా మరియొక దృశ్యము గలదు. సీనాయి కొండ దగ్గర మోషే నిబంధన గ్రంథమును చేతపట్టుకొని, జనులందరు వినునట్లు పైకి చదివెను. వారు విన్న తరువాతనే చేసెదమని పలికిరి. క్రమము గమనింపుడు. చదువుట మొదట, వినుట రెండవది, సమ్మతించుట మూడవది. ఆ గుంపులో అక్షరము రానివారు ఎందరో యుందురు. అయినను వారు చదువని నిబంధనకు లోబడలేదు. చదువగలవాడు చదువలేనివానికొరకు చదివెను.

అట్లయిన ఫోనులు పారవేసి పోస్టుకార్డులకు తిరిగి పోవలెనా? అట్లు మేము చెప్పము. చెప్పినను మేమే చేయము. 244 గంటలు చదువుమని కూడ చెప్పము. చేయగలిగినది కొంచెమే. ఆ కొంచెమును మాకొరకు మూడు సూత్రములుగా పెట్టుకొంటిమి.

మొదటిది, పత్రము చదువలేకపోయినను ప్రశ్న చదువవలెను. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ ఆరవ కూర్పు మొదలుకొని, యాప్‌లు అన్ని అనుమతులను ఒక్క మూటగా ఆరంభముననే తీసికొనక, అవసరము కలిగినప్పుడు ఒక్కొక్కటిగా అడుగవలసివచ్చినది. 2020లో వచ్చిన పదునొకండవ కూర్పులో 'ఈ ఒక్కసారికి మాత్రమే' అను జవాబు చేరినది. అనగా ఇప్పుడు తెరమీద కనబడునది ముప్పది పుటల పత్రము కాదు, ఒక్క వాక్యము. టార్చిదీపమునకు మన నెంబర్లు ఎందుకు? గడియారమునకు మన ఫొటోలు ఎందుకు? ఒక్క క్షణము ఆగి అడిగినయెడల చాలమట్టుకు జవాబు తనంతట తానే వచ్చును. అవసరము కనబడనిచోట వద్దనవలెను. వద్దన్నను చాల యాప్‌లు తమ పని తాము చేయుచునే యున్నవని మేము చూచితిమి. చేయనిదానిని తీసివేయుటకు ఒక నిమిషము చాలును.

రెండవది, ఇతరుల తరపున నొక్కకూడదు. ఇంటిలో పెద్దవారి ఫోనును బాగుచేయు యౌవనులకు ఈ మాట ముఖ్యముగా చెప్పుచున్నాము. అమ్మమ్మకు అర్థము కాదులే అని గబగబ నొక్కుట సేవ కాదు. "ఇది నీ ఫోనులోని పేర్లన్నీ చూస్తానంటోంది అమ్మమ్మా, చూడనివ్వమంటావా?" అని అడుగుటకు ఎంత సేపు పట్టును? ఆమె వద్దనినయెడల వద్దు. అవుననినయెడల ఆ అవును ఆమెది.

మూడవది, ఒకసారి ఇచ్చిన సమ్మతిని తిరిగి చూచుకొనవలెను. మాట తప్పరాదని నేర్చుకొన్న మనకు సమ్మతిని వెనుకకు తీసికొనుట ఎబ్బెట్టుగా తోచవచ్చును. గాని మనది కానిదానిని ఇచ్చివేసియున్నప్పుడు దానిని తిరిగి పుచ్చుకొనుట మాట తప్పుట కాదు, తప్పు దిద్దుకొనుట. సెట్టింగులలో ఏ యాప్‌కు ఏ అనుమతి యున్నదో చూపు పట్టిక గలదు. మేము మొదటిసారి ఆ పట్టిక తెరచినప్పుడు మా నెంబర్లు చూచుచున్న యాప్‌లు 23 కనబడినవి. వాటిలో పదునాలుగింటి పేర్లు కూడ మేము మరచియుంటిమి.

చట్టమును ఊరకుండలేదు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, తన అధికారము క్రిందనున్న సంస్థల తరపున అప్పులిచ్చు యాప్‌లు ఫోనులోని పేర్లను, ఫైళ్లను, ఫోను పిలుపుల పట్టికను ముట్టరాదని ఆదేశించెను. 2025లో వెలువడిన నిర్దేశములలోను ఆ మాట నిలిచినది. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును చేసినది. సమ్మతి స్వేచ్ఛగా, తెలిసి, స్పష్టముగా ఇచ్చినదై యుండవలెననియు, ఇచ్చుట ఎంత సులభమో వెనుకకు తీసికొనుటయు అంత సులభముగా నుండవలెననియు అందులో నున్నది. సమ్మతి అడుగువారు దానిని ఇంగ్లీషులోనే గాక, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఇరువదిరెండు భాషలలో మనము కోరినదానిలో చదువుకొను వీలు కల్పింపవలెను. వాటిలో మన తెలుగు ఒకటి. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. విధులు దశలవారీగా అమలగునట్లు గడువు ఇయ్యబడినది. ఇవి మంచివే. అయితే అధికారము క్రిందికి రాని మోసగాండ్రు ఏ ఆదేశమును చదువరు. అట్టి వేధింపునకు చిక్కినవారు సిగ్గుపడి దాగక, 1930 అను సైబరు నేరముల సహాయ సంఖ్యకు ఫోను చేయుదురు గాక. ఏ చట్టమైనను పత్రమును తెలుగులోనికి తేగలదు గాని, మనచేత చదివింపలేదు.

మొన్న ఆ దర్జీ మరల ఫోను తెచ్చెను. బట్టల కొలతలు వ్రాసికొనుటకు ఒక యాప్ ఉన్నదని ఆయన కుమారుడు చెప్పెనట. ఈ మారు ఆయన బల్లమీద కూర్చుండెను. మేము కండ్లజోడు పెట్టుకొని ఒక్కొక్క ప్రశ్నను తెలుగులో చదివి వినిపించితిమి. ఫోను ఆయన చేతిలోనే యుండెను. కెమెరాకు అనుమతి అడిగినది. "గుడ్డ ఫొటో తీయడానికి కదా, ఇవ్వొచ్చు" అని ఆయనే నొక్కెను. తరువాత పేర్లు, నెంబర్లు అడిగినది. చదివి వినిపించితిమి.

"కొలతలకీ నెంబర్లకీ ఏం సంబంధం మాస్టారూ?"

మాకు తెలియదంటిమి.

"అయితే వద్దు" అని ఆయన నొక్కెను. యాప్ ఏమియు అనక తెరచుకొన్నది. ఆ రెండు ప్రశ్నలకు పట్టిన కాలము మూడు నిమిషములు. 2020లో ఆ మూడు నిమిషములను మిగుల్చుకొని మేము ఏమి చేసితిమో మాకు జ్ఞాపకము లేదు.

ఈ మాసము ముగియకమునుపు ఒక సాయంకాలము మీ ఫోనులోని ఆ పట్టికను తెరచి చూడుడి. ఇంటిలో చదువురాని పెద్దవారు ఉన్నయెడల వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని వారి ఫోనును కూడ తెరచి, ఉన్నదానిని చదివి వినిపింపుడి. నొక్కవలసినది వారు నొక్కుదురు.